పన్నెండు సిలిండర్లు ఎందుకు పెట్టారు, ఇప్పుడెందుకు తీసేస్తున్నారు: లగ్జరీ కారు ఇంజన్ లోపలి లెక్క

2024 జులైలో ఇంగ్లండ్‌లోని క్రూ ఫ్యాక్టరీలో బెంట్లీ తన డబ్ల్యూ12 ఇంజన్ తయారీ ఆపేసింది. 2003లో కాంటినెంటల్ జీటీతో బెంట్లీ బానెట్ కిందకి వచ్చి, లక్షకు పైగా తయారైన పన్నెండు సిలిండర్ల ఇంజన్ అది. దాని బదులు వీ8, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్ వచ్చింది, తోడుగా ఒక ఎలక్ట్రిక్ మోటారు. అంతకు రెండేళ్ల ముందు మెర్సిడెస్ తన ఏఎమ్‌జీ సీ63లో నాలుగు లీటర్ల వీ8ను తీసేసి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టింది, దానికీ తోడుగా ఒక ఎలక్ట్రిక్ మోటారు. పవర్ తగ్గిందా అంటే, లేదు. కాంటినెంటల్ జీటీ స్పీడ్‌లో 659 నుంచి 782కి, సీ63 ఎస్‌లో 510 నుంచి 680 హార్స్‌పవర్‌కి పెరిగింది.

ఈ అంకెలు చూసినవాళ్లకి వచ్చే అనుమానం సహజమైనదే. నాలుగు సిలిండర్లతో, ఒక మోటారుతో ఇంత పవర్ వచ్చేటప్పుడు ఇన్నాళ్లూ పన్నెండు ఎందుకు పెట్టారు? హోదా కోసమేనా? హోదా కొంత ఉంది, కాదనను. కానీ అసలు కారణం పవర్ కాదు, వణుకు. లగ్జరీ కారు ఇంజన్ చరిత్రంతా వణుకుని ఎలా అణచాలన్న ప్రయత్నమే. అది అర్థమైతే, ఇప్పుడు జరుగుతున్న మార్పు లాభమా నష్టమా అన్న వాదన కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

సిగ్నల్ దగ్గర ఆటో ఎందుకు వణుకుతుంది

రెడ్ సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో కూర్చుని సైడ్ అద్దం వైపు చూడండి. అందులో వెనక బండి రెండుగా, మూడుగా కనిపిస్తుంది. పట్టుకున్న రాడ్ చేతిలో జివ్వుమంటూ ఉంటుంది. సిగ్నల్ పడి ఆటో వేగం అందుకోగానే ఆ అద్దం కాస్త కుదురుకుంటుంది.

ఆటోలో ఉన్నది ఒకే సిలిండర్. గాలి-ఇంధనం పీల్చుకోవడం, దాన్ని నొక్కడం, మండించడం, పొగ బయటికి తోయడం అనే నాలుగు పనులు పూర్తవడానికి, సిలిండర్‌లో పైకీ కిందకీ ఆడే పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. ఈ నాలుగింటిలో బండిని తోసే పని ఒక్కటే, మండడం. మిగతా మూడింటికీ ఇంజన్ అంతకుముందు వచ్చిన ఊపు మీదే నెట్టుకొస్తుంది. ఒక తోపు, పెద్ద ఖాళీ, మళ్లీ ఒక తోపు.

ఒకే రోకలితో దంచితే 'ధన్' మని ఒక దెబ్బ పడి, తర్వాత ఖాళీ వస్తుంది. ముగ్గురు ఒకే రోట్లో వంతులేసుకుని దంచితే దెబ్బ వెనక దెబ్బ పడుతుంది, ఖాళీ ఉండదు. సిలిండర్లు పెంచడమంటే రోకళ్లు పెంచడమే. 720ని సిలిండర్ల సంఖ్యతో భాగిస్తే తోపుకీ తోపుకీ మధ్య దూరం వస్తుంది. నాలుగైతే 180 డిగ్రీలు, ఆరైతే 120, ఎనిమిదైతే 90, పన్నెండైతే 60.

ఒక్కో తోపులో పనికొచ్చే బలం సుమారు 140 డిగ్రీల వరకే ఉంటుంది. ఆ తర్వాత పొగ బయటికి పోయే వాల్వ్ తెరుచుకుంటుంది. దాన్నిబట్టి నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఒక తోపు అయిపోయాక, రెండోది మొదలయ్యేలోపు చిన్న ఖాళీ మిగులుతుంది. ఆరు సిలిండర్లలో ఒకటి అయిపోకముందే ఇంకోటి అందుకుంటుంది. పన్నెండులో ఏ క్షణంలో చూసినా కనీసం రెండు సిలిండర్లు తోస్తూనే ఉంటాయి. నిమిషానికి 1,200 చుట్ల దగ్గర నిలకడగా తిరిగే ఆటో ఇంజన్ సెకనుకి 10 దెబ్బలు వేస్తే, 600 చుట్ల దగ్గర తిరిగే పన్నెండు సిలిండర్ల ఇంజన్ 60 వేస్తుంది. సెకనుకి పది దెబ్బలు ఒళ్లంతా పట్టి ఊపుతాయి. అరవై చిన్న దెబ్బలు సన్నటి హోరుగా మారిపోతాయి, వాటిని ఆపడం చాలా తేలిక.

పిస్టన్ కదలికలో దాగిన చిక్కు

ఇంతవరకూ చెప్పింది మంట వల్ల వచ్చే కుదుపు. మంట లేకుండా, ఉత్తినే తిప్పినా ఇంజన్ వణుకుతుంది. ఇక్కడ కాస్త ఓపిగ్గా లెక్క చూడాలి, ఎందుకంటే అసలు విషయమంతా ఇందులోనే ఉంది.

ఒక మామూలు రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ అనుకుందాం. పిస్టన్ పైనుంచి కిందకి 90 మిల్లీమీటర్లు కదులుతుంది. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ పొడవు 145 మిల్లీమీటర్లు. క్రాంక్ పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ సగం దారి, అంటే 45 మిల్లీమీటర్లు దిగి ఉంటుందని అనుకుంటాం. నిజానికి 52 దిగిపోతుంది. క్రాంక్ పక్కకి వెళ్లినప్పుడు రాడ్ ఏటవాలుగా వాలుతుంది, నిటారుగా ఉన్నప్పటికంటే ఎత్తు తగ్గుతుంది, ఆ మేరకు పిస్టన్‌ని అదనంగా కిందకి లాగేస్తుంది. తర్వాతి పావు చుట్టులో పిస్టన్ దిగేది మిగిలిన 38 మిల్లీమీటర్లే.

నాలుగు సిలిండర్ల ఇంజన్లో రెండు పిస్టన్లు పైనుంటే రెండు కింద ఉంటాయి. రెండు దిగుతుంటే రెండు ఎక్కుతాయి, లెక్క సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ దిగేవి 52 మిల్లీమీటర్లు దిగే సమయంలో ఎక్కేవి 38 మాత్రమే ఎక్కుతాయి. సగటున నాలుగు పిస్టన్ల బరువూ 7 మిల్లీమీటర్లు కిందకి జారి, మళ్లీ పైకి లేస్తుంది. ఇది చుట్టుకి రెండుసార్లు జరుగుతుంది. ఒక్కో పిస్టన్, దాంతోపాటు కదిలే భాగాలు అరకిలో అనుకుంటే, 3,000 చుట్ల వేగం దగ్గర ఈ ఊపు బలం 280 కిలోల బరువుకి సమానం. అదీ సెకనుకి వందసార్లు, ఒకసారి పైకి, ఒకసారి కిందకి. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది, 6,000 దగ్గర 1,100 కిలోలు దాటుతుంది.

ఏడు మిల్లీమీటర్ల తేడా ఎంత పని చేస్తుందో చూడండి. దీన్ని ఆపడానికి ఇంజన్ వేగానికి రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు బరువైన షాఫ్టులు పెట్టే ఉపాయాన్ని బ్రిటిష్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లోనే ఆలోచించాడు. 1970లలో మిత్సుబిషి దాన్ని మెరుగుపరిస్తే, పోర్షే కూడా తన 944 కారు కోసం ఆ లైసెన్స్ తీసుకుంది. ఈ షాఫ్టులు బాగానే పనిచేస్తాయి. కానీ అవి వచ్చిన రోగానికి మందు లాంటివి. అసలు రోగమే రాని ఇంజన్ ఒకటుంది.

వరసగా ఆరు, చౌమహల్లాలో చూడొచ్చు

ఆరు సిలిండర్లను ఒకే వరసలో పెట్టి, క్రాంక్‌ని 120 డిగ్రీల ఎడంతో మూడు జతలుగా మలిస్తే ఒక అద్భుతం జరుగుతుంది. ఒక జత వేగంగా దిగే క్షణంలో మిగతా రెండు జతలు సరిగ్గా దానికి విరుగుడు పడేలా కదులుతాయి. పైన చెప్పిన 7 మిల్లీమీటర్ల జారుడు సున్నా అయిపోతుంది. ముందు మూడు, వెనక మూడు అద్దంలో ప్రతిబింబాల్లా ఉండడంతో ఇంజన్ ముందు నుంచి వెనక్కి ఊగదు కూడా. అదనంగా ఏ షాఫ్టూ అక్కర్లేదు. లెక్కలో ఇంత అందంగా తేలే ఇంజన్ అమరికలు చాలా తక్కువ.

దీన్ని దగ్గర్నుంచి చూడాలంటే హైదరాబాద్‌ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లొచ్చు. అక్కడ నిజాం కుటుంబానికి చెందిన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆ మోడల్‌లో ఉన్నది ఇదే, వరసగా ఆరు సిలిండర్లు, 7.4 లీటర్ల ఇంజన్. అందరూ ఆ కారు పైమెరుగులు చూసి ఫొటో తీసుకుని వెళ్తారు. నాకు మాత్రం ఆ పొడవాటి బానెట్టే అసలు కథ అనిపిస్తుంది. ఆరు సిలిండర్లు వరసగా పెడితే ఇంజన్ పొడవుగా ఉండక తప్పదు, బానెట్ కూడా దానితోపాటే సాగుతుంది.

పొడవుతో ఇంకో తంటా ఉంది. పొడవాటి క్రాంక్ షాఫ్ట్‌కి ఒక్కో చోట ఒక్కోసారి తోపు తగులుతుంటే అది తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది, వదలగానే వెనక్కి వస్తుంది. ఒక నిర్దిష్ట వేగం దగ్గర ఈ మెలికలు ఒకదానికొకటి తోడై షాఫ్ట్ విరిగిపోతుంది. సిల్వర్ ఘోస్ట్‌కి ముందు హెన్రీ రాయిస్ తయారుచేసిన ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఈ బాధ ఉండేది. సిల్వర్ ఘోస్ట్‌లో ఆయన క్రాంక్‌ని లావుగా చేసి, ఏడు బేరింగులతో గట్టిగా పట్టి ఉంచాడు. ఈనాటికీ ఇంజన్ ముందుభాగంలో, బెల్టు తిరిగే పుల్లీలో రబ్బరు పొర ఉంటుంది. క్రాంక్ మెలిని మింగేయడమే దాని పని.

మంచి అమరికని మెర్సిడెస్ ఒకప్పుడు ఎందుకు వదిలేసిందో కూడా చెప్పాలి. 1990ల చివర్లో ఆ కంపెనీ వరస ఆరు బదులు వీ6కి మారింది. వీ6 పొట్టిగా ఉంటుంది, వీ8 తయారయ్యే లైన్ మీదే తయారుచేయొచ్చు, ప్రమాదం జరిగినప్పుడు ముందుభాగం నలగడానికి చోటు మిగులుతుంది. అందుకు బదులుగా వణుకు ఆపే షాఫ్ట్ ఒకటి పెట్టుకోవాల్సి వచ్చింది. మళ్లీ 2017లో ఎస్-క్లాస్‌తో వరస ఆరుకి తిరిగొచ్చింది. ఈ మధ్యలో మారింది కరెంటు. 48 వోల్టుల వ్యవస్థ రావడంతో ఏసీ కంప్రెసర్, నీళ్ల పంపు కరెంటుతో తిరగసాగాయి. ఇంజన్ ముందు బెల్టులు పోయాయి, ఆ మేరకు పొడవు తగ్గింది.

వీ8, వీ12, డబ్ల్యూ12: మడతపెట్టిన ఇంజన్లు

ఎనిమిది, పన్నెండు సిలిండర్లను వరసగా పెడితే బానెట్ మరీ పొడవైపోతుంది. అందుకని రెండు వరసలుగా చేసి వీ ఆకారంలో ఒకే క్రాంక్‌కి బిగిస్తారు. వీ8లో క్రాంక్ పిన్నులను నాలుగు వైపులకీ శిలువలా పెట్టే పద్ధతిని 1920లలో కాడిలాక్ మార్కెట్లోకి తెచ్చింది. దాంతో పెద్ద వణుకు పోయింది. కానీ ఒక్కో వరసలో తోపులు సమానమైన ఎడంతో పడవు. వీ8 కార్లలో వినిపించే ఆ గుడగుడ శబ్దం అక్కడిదే.

వీ12 అంటే రెండు వరస ఆరులు. ఒక్కొక్కటీ తనంతట తానే కుదురుగా ఉంటుంది, రెండూ కలిస్తే ఇంకా కుదురు. మధ్యలో 60 డిగ్రీల కోణం ఉంచితే తోపులు కూడా సరిగ్గా 60 డిగ్రీలకొకటి పడతాయి. రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో ఉన్న 6.75 లీటర్ల ఇంజన్ ఇదే, దాని మూలం బీఎమ్‌డబ్ల్యూది. ఫోక్స్‌వాగన్ గ్రూపు నుంచి వచ్చిన డబ్ల్యూ12లో ఇంకో మడత ఉంది. ఆరు సిలిండర్లను 15 డిగ్రీల సన్నటి కోణంలో అటొకటి ఇటొకటి ఇరికించి ఒక దిమ్మ చేస్తారు, అలాంటి రెండు దిమ్మలను 72 డిగ్రీల కోణంలో కలుపుతారు. పొడవు బాగా తగ్గి, నాలుగు చక్రాలకీ పవర్ పంపే యంత్రాంగానికి చోటు దొరుకుతుంది.

571 ఉంటే వాడేది ఎంత

రోల్స్ రాయిస్ కార్లలో ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు ఉండదు. దాని చోట 'పవర్ రిజర్వ్' అనే మీటరు ఉంటుంది. ఇంకా ఎంత శాతం పవర్ మిగిలి ఉందో చెబుతుంది. ఈ ఒక్క ముల్లులోనే ఆ కంపెనీ ఇంజన్ ఆలోచన మొత్తం కనిపిస్తుంది.

లెక్క వేద్దాం. ఫాంటమ్ బరువు రెండున్నర టన్నులు. సమతలమైన రోడ్డు మీద గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి, గాలి ఒత్తిడీ టైర్ల రాపిడీ కలిపి చూస్తే, కావలసింది సుమారు 30 హార్స్‌పవర్. ఇంజన్ సామర్థ్యం 571. అంటే అయిదు శాతం చాలు. ముల్లు 95 దగ్గర నిలబడుతుంది.

మరి మిగతాదంతా ఎందుకు? టార్క్ చూస్తే తెలుస్తుంది. టార్క్ అంటే మెలితిప్పే బలం, పవర్ అంటే ఆ బలంతో ఎంత వేగంగా పని జరుగుతోంది అన్నది. ఫాంటమ్ ఇంజన్ 1,700 చుట్ల దగ్గరే 900 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఆ రెండు అంకెలను గుణించి 9,549తో భాగిస్తే 160 కిలోవాట్లు, అంటే దాదాపు 218 హార్స్‌పవర్. ఇంజన్ ఇంకా గొంతు పెంచకముందే అంత అందుతుంది. లారీని దాటాలంటే గేరు దించి, ఇంజన్ని అరిపించాల్సిన పని ఉండదు. స్పోర్ట్స్ కారు అదే పవర్‌ని అయిదారు వేల చుట్ల దగ్గర తెస్తుంది, ఆ అరుపే దాని ఆకర్షణ. లగ్జరీ కారుకి ఆ అరుపు పనికిరాదు.

మిగిలిన వణుకు ఎక్కడికి పోతుంది

ఎంత కుదురైన ఇంజన్ అయినా పూర్తిగా నిశ్చలంగా ఉండదు. అందుకే దాన్ని చట్రానికి నేరుగా బిగించరు. రబ్బరు, నూనె నింపిన మౌంటింగుల మీద కూర్చోబెడతారు. వణుకు చిన్నదైతే మౌంటింగ్ మెత్తగా ఉండాలి, కారు ఒక్కసారి ముందుకి దూకితే గట్టిగా ఉండాలి. ఈ రెండూ ఒకే రబ్బరుతో కుదరవు కాబట్టే సన్నటి దారిలో నూనె అటూ ఇటూ పారేలా చేస్తారు. ఇప్పటి ఖరీదైన కార్లలో కరెంటుతో మెత్తదనం మార్చే మౌంటింగులు కూడా వచ్చాయి. ఇవన్నీ దాటి వచ్చే శబ్దం కోసం ఫాంటమ్‌లో 130 కిలోలకు పైగా శబ్దాన్ని మింగే పదార్థం వాడారు.

1989లో లెక్సస్ ఎల్ఎస్400 ప్రకటన ఇదంతా ఒక్క దృశ్యంలో చూపించింది. బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, రోలర్ల మీద చక్రాలను పూర్తి వేగంతో తిప్పారు. ఒక్క గ్లాసూ పడలేదు. అది వీ12 కాదు, నాలుగు లీటర్ల వీ8. భాగాల కొలతల్లో కచ్చితత్వం, మౌంటింగుల మీద పెట్టిన శ్రద్ధ సిలిండర్ల సంఖ్యతో సమానంగా పనిచేస్తాయని జర్మన్ కంపెనీలు అప్పుడు గట్టిగానే తెలుసుకున్నాయి.

మరి ఎందుకు వదిలేస్తున్నారు

పైన చెప్పిన అయిదు శాతమే పెద్ద ఇంజన్‌కి శాపం. 30 హార్స్‌పవర్ ఇవ్వడానికి కూడా పన్నెండు పిస్టన్లూ సిలిండర్ గోడలకి రాసుకోవాలి, నలభై ఎనిమిది వాల్వులూ కదలాలి. పెట్రోల్ ఇంజన్లో పవర్ తగ్గించడమంటే గాలి దారి మూయడం. మూసిన దారిలోంచి గాలి పీల్చుకోవడానికే కొంత శక్తి వృథా అవుతుంది. చిన్న ఇంజన్‌కి, గాలిని బలవంతంగా లోపలికి తోసే టర్బో పెడితే మామూలుగా తక్కువ తాగుతుంది, అవసరమైనప్పుడు ఎక్కువ గాలి మింగి పెద్దదానిలా పనిచేస్తుంది.

యూరప్‌లో దీనికి ధర కట్టారు. ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 95 గ్రాములకు మించకూడదన్న లక్ష్యం 2020 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీని బట్టి ఈ అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాటితే గ్రాముకి, కారుకి 95 యూరోల జరిమానా. పన్నెండు సిలిండర్ల కారు ఒకటి 350 గ్రాములు వదులుతుందనుకుందాం. దాన్ని 95 లోపు సగటుకి తేవాలంటే మూడు ఎలక్ట్రిక్ కార్లు పక్కన అమ్మాలి, అప్పుడు నాలుగింటి సగటు 87.5 అవుతుంది. అదే కొత్త కాంటినెంటల్ లాంటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంజన్‌తోపాటు, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే బ్యాటరీ, మోటారు ఉన్న కారు) అయితే అధికారిక పరీక్షలో 30 గ్రాముల దగ్గరే తేలుతుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు.

మన దేశంలో పన్ను ఇలా పనిచేయదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లన్నిటికీ జీఎస్టీ 40 శాతం. రెండు లీటర్ల ఇంజన్ అయినా 6.75 లీటర్లయినా ఒకటే. ఎలక్ట్రిక్ కారుకి మాత్రం 5 శాతం. కాబట్టి హైదరాబాద్‌లో కొనే మనిషికి ఇంజన్ సైజు తగ్గినందువల్ల పన్నులో కలిసొచ్చేదేమీ లేదు. బ్రస్సెల్స్‌లో పెట్టిన ఆ యూరప్ నిబంధనల కోసం చిన్నదైన ఇంజనే ఇక్కడి షోరూమ్‌కీ వస్తోంది.

వాదన ఎక్కడుంది

హైబ్రిడ్‌ని సమర్థించేవాళ్ల మాట బలమైనదే. మోటారులో పిస్టన్ లేదు, పైకీ కిందకీ ఊగేది ఏదీ లేదు, కదలిక మొదలైన క్షణం నుంచే పూర్తి టార్క్ ఉంటుంది. రోల్స్ రాయిస్ ఎలక్ట్రిక్ కారు స్పెక్టర్ కూడా ఫాంటమ్ లాగే 900 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఇంజనీర్లు వందేళ్లుగా ఏం సాధించాలనుకున్నారో అది మోటారులో పుట్టుకతోనే ఉంది. రోల్స్ రాయిస్ కంపెనీ పుట్టకముందే, 1900లో, దాని స్థాపకుల్లో ఒకడైన చార్ల్స్ రోల్స్ ఎలక్ట్రిక్ కార్లకి శబ్దం లేదు, వాసన లేదు, వణుకు లేదని మెచ్చుకున్నాడు. ఛార్జింగ్ స్థలాలు ఏర్పడితే ఎంతో ఉపయోగపడతాయని కూడా అన్నాడు.

ఎదుటివాళ్ల మాటలోనూ పస ఉంది. సీ63 కొత్త మోడల్ పాతదానికంటే 300 కిలోలకు పైగా బరువెక్కింది, కాంటినెంటల్ జీటీ స్పీడ్ దాదాపు 200 కిలోలు. బ్యాటరీ ఛార్జ్ చేయకుండా నడిపితే పరీక్షలో వచ్చిన 30 గ్రాముల అంకె రోడ్డు మీద కనిపించదు, పైగా ఆ బరువంతా ఇంజన్ మోయాలి. నాలుగు సిలిండర్ల గొంతుని స్పీకర్లతో ఎంత సర్దినా, అది వీ8 గొంతుకి సాటి అని సీ63 పాత అభిమానులు చాలామంది ఒప్పుకోలేదు.

నాకైతే ఈ రెండు కార్లనీ ఒకే గాటన కట్టడం పొరపాటనిపిస్తుంది. సీ63ని కొనేది ఇంజన్‌ని వినడానికి, అక్కడ తీసేసింది కొనుగోలుదారుకి కావలసినదాన్నే. ఫాంటమ్‌ని కొనేది ఇంజన్ ఉందని మర్చిపోవడానికి, అక్కడ మోటారు వస్తే పోయేది తక్కువ. బెంట్లీ ఈ రెంటికీ మధ్యలో ఉంది, అందుకే దాని ఇంజనీర్ల పని అన్నింటికంటే కష్టం.

ఆ కష్టం ఎక్కడంటే, ఇంజన్ స్టార్టయ్యే క్షణంలో. కొత్త కాంటినెంటల్ గంటకి 140 కిలోమీటర్ల వరకు కరెంటు మీదే వెళ్లగలదు. పాత కారులో ఇంజన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండేది కాబట్టి దాని హోరుకి చెవి అలవాటుపడేది. ఇప్పుడు పూర్తి నిశ్శబ్దంలో, నిండు వేగంలో, డ్రైవర్ కాస్త గట్టిగా తొక్కగానే ఎనిమిది సిలిండర్లు మేలుకోవాలి. క్లచ్ కలిసేలోపు ఇంజన్ వేగం గేరుబాక్స్ వేగంతో కచ్చితంగా సరితూగాలి. ఇంజన్ తడబడే ఆ కాస్త సమయంలో తగ్గిన టార్క్‌ని మోటారు పూడ్చాలి. ఒక్క కుదుపు వచ్చినా వెనక సీట్లో కునుకు తీస్తున్న మనిషికి మెలకువ వస్తుంది.